కెమెరాకు చిక్కని కాలనీ జీవితం

న్యూఢిల్లీ: దేశ రాజధానిలోని ఏ గృహ సముదాయాన్నయినా ఛాయాచిత్రాల్లో వెతికితే సాధారణంగా రెండు సందర్భాలే దొరుకుతాయి. మొదటిది గృహప్రవేశాలకు ముందు, గోడల సున్నం ఇంకా ఆరని రోజు. రెండోది బుల్‌డోజర్ వచ్చిన రోజు. ఈ రెంటికీ నడుమ నలభై నుంచి అరవై ఏళ్ల పాటు వేలాది కుటుంబాలు అక్కడ కాపురాలు చేశాయి. పిల్లలు పుట్టారు, చదువుకున్నారు, పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. ఆ మధ్యకాలం వైపు వృత్తి ఛాయాగ్రాహకులు చూసింది బహు తక్కువ. దక్షిణ ఢిల్లీలో పాత ప్రభుత్వ క్వార్టర్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతూ, వాటి స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు లేస్తున్న ప్రస్తుత తరుణంలో ఈ లోటు స్పష్టంగా కనిపిస్తోంది.

సరోజినీనగర్, నేతాజీనగర్, నౌరోజీనగర్, కస్తూర్బానగర్, త్యాగరాజనగర్, శ్రీనివాసపురి, మొహమ్మద్‌పూర్ - ఈ ఏడు కాలనీల పునర్నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం 2016 జులైలో ఆమోదం తెలిపింది. ఉన్న 12,970 క్వార్టర్లను తొలగించి సుమారు 25,667 ఫ్లాట్లు కట్టాలన్నది పథకం. ముప్పై ఏళ్ల నిర్వహణ ఖర్చుతో కలిపి అంచనా వ్యయం రూ. 32,835 కోట్లు. ఖజానా నుంచి పైసా తీయకుండా, అదే స్థలాల్లో వాణిజ్య భవనాలు కట్టి అమ్మగా వచ్చే సొమ్ముతోనే ఇళ్లు కట్టాలని నిర్ణయించారు. ఆ ప్రకారం నౌరోజీనగర్‌లో ఆరు వందలకు పైగా క్వార్టర్లు ఉన్నచోట ఇళ్లే లేకుండా పోయాయి. అక్కడిప్పుడు సుమారు 34 లక్షల చదరపు అడుగుల వాణిజ్య సముదాయం నిలిచింది. దీనితో పాటు సరోజినీనగర్‌లో 28 టవర్లలో నిర్మించిన రెండున్నర వేలకు పైగా ఫ్లాట్లను ప్రధానమంత్రి 2025 జనవరి 3న ప్రారంభించారు.

పథకం ప్రకటించిన తొలి రెండేళ్లలో ఈ కాలనీలను పట్టించుకున్న కెమెరాలు తక్కువే. 2018 జూన్‌లో పెద్ద సంఖ్యలో చెట్లు నరికేందుకు రంగం సిద్ధమైందని తెలిశాక నగరవాసులు సరోజినీనగర్ వీధుల్లోకి వచ్చి చెట్లను కౌగిలించుకున్నారు. ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకుని నరికివేతను తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ వారాల్లో పత్రికలన్నిటా ఆ కాలనీల బొమ్మలే. అయితే వాటిలో ముందున్నవి చెట్లు. ఇళ్లు వెనక మసకగా కనిపించే గోడలు మాత్రమే. చెట్టుకు న్యాయస్థానంలో వాదించేవారు దొరికారు. గుమ్మానికి దొరకలేదు.

అందుకు కారణం లేకపోలేదు. ప్రభుత్వ క్వార్టరు ఎవరి సొంతమూ కాదు. ఉద్యోగి హోదానుబట్టి ఎస్టేట్స్ డైరెక్టరేట్ కేటాయిస్తుంది. బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా నిర్ణీత గడువులోగా తాళం అప్పగించాలి. ఇల్లు కూలిస్తే నష్టపరిహారం అడిగే హక్కు గాని, కూల్చవద్దని పట్టుబట్టే అవకాశం గాని అక్కడ పాతికేళ్లు కాపురమున్న కుటుంబానికి సైతం లేవు. యజమాని లేని ఇంటికి జ్ఞాపకాల వారసుడు కూడా లేకపోవడం విచిత్రమేమీ కాదు.

క్వార్టర్ల మధ్య మైదానం

అలాగని అవి అద్దె గదుల వంటి తాత్కాలిక మజిలీలు కూడా కావు. 1950వ దశకంలో కట్టిన ఈ ఇళ్లు ఎక్కువగా రెండంతస్తులవి. కొన్ని భవనాలు ఒక పచ్చిక మైదానం చుట్టూ నిలుస్తాయి. వెనక సందు, పైన డాబా. ఇళ్లు చిన్నవి. ఆ చిన్నతనమే మనుషులను బయటికి తెచ్చింది. ఎయిర్ కూలర్లు అందరికీ అందుబాటులోకి రాని రోజుల్లో వేసవి రాత్రులు నులక మంచాలు డాబాల పైకి, మైదానాల్లోకి చేరేవి. చలికాలం మధ్యాహ్నాలు ఆడవారు ఎండలో కూర్చుని స్వెట్టర్లు అల్లుకుంటూ, బఠాణీలు ఒలుచుకుంటూ గడిపేవారు. టెలివిజన్ కొద్ది ఇళ్లలోనే ఉన్న కాలంలో ఆదివారం సినిమాకు ఆ ఇళ్ల వరండాలు నిండిపోయేవి. ఒకే హోదా, ఇంచుమించు ఒకే జీతం, ఒకే ఆఫీసు వేళలు. ఒక మెట్లదారిలో బెంగాలీ, పంజాబీ, తమిళ, తెలుగు కుటుంబాలు. కొన్ని కాలనీల్లో ఉద్యోగుల కుటుంబాల సంక్షేమం కోసం ‘గృహ్ కల్యాణ్ కేంద్ర’ నడిపే సమాజ సదనాల్లో పెళ్లిళ్లు, పూజలు, కుట్టు తరగతులు జరిగేవి.

రాజధానికి వచ్చిన తెలుగు గుమాస్తాలు, సెక్షన్ ఆఫీసర్లు ఈ క్వార్టర్లలో తరాలపాటు కాపురమున్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో వెలసిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలకు పిల్లలు వచ్చింది ఇటువంటి ఇళ్ల నుంచే. ఉగాది పచ్చడికి వేపపువ్వు కాలనీ చెట్టు నుంచే దొరికేది. ఈ జీవితమంతా సుఖమయమని చెప్పడం సరికాదు. హోదాల తేడా కాలనీ కాలనీకీ గీత గీసినట్టు ఉండేది. పెద్ద అధికారి బంగళా పిల్లలు చిన్న క్వార్టర్ల మైదానానికి ఆటకు రావడం అరుదు. నీళ్ల కోసం, మెట్ల కింద సైకిలు పెట్టుకునే చోటు కోసం తగవులు నిత్యకృత్యం. అయితే తగవు పడాలన్నా ఎదుటివారి పేరు తెలిసి ఉండాలి కదా.

ఇదంతా ఏ ఛాయాచిత్రంలో ఉంది? ఆ ఇళ్లలో ఉన్నవారి సొంత ఆల్బముల్లో తప్ప ఎక్కడా కుదురుగా కనబడదు.

మనుషుల్లేని అందం

స్వాతంత్ర్యానంతర ఢిల్లీ నిర్మాణాలను అత్యంత శ్రద్ధగా చిత్రించిన ఛాయాగ్రాహకుడు మదన్ మహట్టా. ఆయన కుటుంబానికి చెందిన స్టూడియో 1915లో శ్రీనగర్‌లో మొదలై, ఆ తరువాత ఢిల్లీ కన్నాట్‌ప్లేస్‌కు విస్తరించింది. ఇంగ్లండులో ఫొటోగ్రఫీ చదివి వచ్చిన మహట్టా 1950వ దశకం నుంచి మూడు దశాబ్దాల పాటు అప్పటి ప్రముఖ వాస్తుశిల్పులందరి భవనాలకూ నలుపు తెలుపు చిత్రాలు తీశారు. 2012లో రామ్ రెహమాన్ పర్యవేక్షణలో ‘ఢిల్లీ మోడర్న్’ పేరిట వాటితో ప్రదర్శన ఏర్పాటయింది. రామ్ రెహమాన్ స్వయంగా ఛాయాగ్రాహకుడు. కేంద్ర ప్రజా పనుల శాఖలో ప్రధాన వాస్తుశిల్పిగా పనిచేసిన హబీబ్ రెహమాన్ కుమారుడు. మహట్టా 2014లో కన్నుమూశారు. 2017 ఏప్రిల్‌లో ప్రగతి మైదాన్‌లోని ‘హాల్ ఆఫ్ నేషన్స్’ను రాత్రికి రాత్రి కూల్చివేసినప్పుడు, ఆ కట్టడం నిండు యవ్వనంలో ఎలా ఉండేదో చూపేందుకు అందరూ ఆశ్రయించినవి ఆయన చిత్రాలే.

భవనం మీద ఎండ వాలే వేళ, నీడల కోణం, నిలువు గీతలు వంగకుండా చూసే నేర్పు - వీటిలో ఆయనకు సాటి వచ్చేవారు తక్కువ. కాని వాస్తుశిల్పి కోరిన చిత్రం వేరు, కాపురమున్నవారి చిత్రం వేరు. పత్రికల్లో ప్రచురణకు, కొత్త ఖాతాదార్లకు చూపేందుకు తీసే చిత్రంలో భవనమే నాయిక. ఆరవేసిన బట్టలు, బాల్కనీలో పడేసిన పాత మంచం, వాకిట్లో ముగ్గు ఆ బొమ్మకు అడ్డు. అందుకే ఇల్లు అప్పగించిన తొలి రోజుల్లో, మనుషులు చేరకముందే పని ముగించడం ఆ వృత్తిలో ఆనవాయితీ.

ఇందులో ఒక వైపరీత్యం ఉంది. 1970-80 దశకాల్లో ఢిల్లీ వాస్తుశిల్పులు తల బద్దలు కొట్టుకున్నది కట్టడం గురించి కాదు, ఇరుగుపొరుగు గురించి. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1957 చట్టం కింద ఏర్పడి, ప్రైవేటు సంస్థలు కాలనీలు వేయడానికి తెర దించింది. దాని ఇళ్ల కోసం 1979లో ప్రకటించిన ఒక్క పథకంలోనే సుమారు 1,71,000 మంది పేర్లు నమోదు చేసుకుని లాటరీ కోసం ఏళ్ల తరబడి నిరీక్షించారు. ఇంత మందికి ఇళ్లు కట్టాలంటే అగ్గిపెట్టెల వరసలు తప్పవనే వాదనకు కొందరు ఒప్పుకోలేదు. రాజ్ రేవల్ షేక్‌సరాయ్‌లోనూ, 1982 ఆసియా క్రీడల కోసం సిరిఫోర్ట్ వద్ద 35 ఎకరాల్లో కట్టిన ఐదు వందల ఇళ్ల క్రీడాగ్రామంలోనూ కార్లను వెలుపలే ఆపివేసి, లోపల కాలినడక సందులు, చిన్న చిన్న చౌకులు, పైన ద్వారాలు ఏర్పరిచారు. పాత రాజస్థాన్ పట్టణాల మొహల్లాలే అందుకు ప్రేరణ. అలకనంద ప్రాంతంలోని యమునా అపార్ట్‌మెంట్స్‌లో రంజిత్ సబిఖీ బృందం రెండు వందల ఇళ్లను నడక వీధుల వెంట పేర్చి, ఆ వీధులన్నీ మధ్య చౌకులో కలిసేట్టు చేసింది. ఇంట్లోంచి బయలుదేరినవాడు పొరుగువాడికి ఎదురుపడక తప్పదన్నది లెక్క.

ఆ లెక్క ఫలించిందా లేదా అన్నది చూపవలసినవి ఆనాటి చిత్రాలే. తీరా చూస్తే చౌకు ఉంది, నీడ ఉంది, మెట్లున్నాయి. ఎదురుపడే ఇద్దరు మనుషులు మాత్రం చాలా బొమ్మల్లో లేరు.

అమెరికా నేర్పిన సందేహం

శివారు గృహ సముదాయాలను చిత్రాల్లో చూసి అక్కడి జీవితంపై తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో అమెరికా అనుభవం చెబుతుంది. కాలిఫోర్నియాలోని లేక్‌వుడ్‌లో 1950లో మొదలై మూడేళ్లలో దాదాపు 17,500 ఇళ్లు లేచాయి. నిర్మాణ సంస్థ పని తీరును చూపేందుకు విలియం గార్నెట్ అనే ఛాయాగ్రాహకుడిని విమానంలో పంపి పైనుంచి చిత్రాలు తీయించింది. అంతులేని వరసలుగా ఒకే మూస ఇళ్లున్న ఆ బొమ్మలు కాలక్రమంలో సంస్థకు ప్రచారం కాకపోగా, శివారు జీవితం యాంత్రికమని వాదించేవారి చేతిలో ఆయుధమయ్యాయి. ఆకాశం నుంచి చూస్తే పొరుగువారి మాటలు వినబడవు మరి.

కింద నిలబడి చూసినవారికి వేరే సంగతి కనిపించింది. సమాజ శాస్త్రవేత్త హెర్బర్ట్ గాన్స్ న్యూజెర్సీలోని లెవిటౌన్‌లో రెండేళ్లు స్వయంగా కాపురముండి 1967లో పుస్తకం ప్రచురించారు. మేధావులు ఊహించినంత ఒంటరితనం అక్కడ లేదని, కొత్త ఇళ్లలోనూ మనుషులు ఇరుగుపొరుగును కల్పించుకుంటారని ఆయన తేల్చారు. బిల్ ఓవెన్స్ కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో స్థానిక వార్తాపత్రిక ఛాయాగ్రాహకుడు. తోటి నివాసులనే వారి వంటిళ్లలో, వాకిళ్లలో చిత్రించి, బొమ్మ కింద వారి మాటలనే అచ్చువేసి 1973లో ‘సబర్బియా’ అనే పుస్తకం తెచ్చారు. ఆ పుస్తకాన్ని వెక్కిరింతగా చదివినవారున్నారు, ఆప్యాయంగా చదివినవారున్నారు. రెండూ సాధ్యమే కావడం దాని బలం. అందులోని నివాసులు తమ ఇంటిని గురించి తామే మాట్లాడుకున్నారు.

మన దేశంలో ఇటువంటి పని అసలే జరగలేదని కాదు. ‘సలాం బాంబే’ చిత్ర రచయిత్రి సూని తారాపొరెవాలా ఏళ్ల తరబడి తమ పార్శీ సమాజాన్ని ఇళ్లలో, బాగ్‌లలో, పండుగల్లో చిత్రించి 2000లో పుస్తకంగా వెలువరించారు. ముంబయిలోని పార్శీ బాగ్‌లు ఒకే మతస్థుల కోసం కట్టిన గృహ సముదాయాలు. బయటివారికి అక్కడ ఇల్లు దొరకదు. ఆ సమాజం నిలవడానికి ఆ నిబంధన కూడా ఒక కారణమన్న సంగతి మరువరాదు. ఢిల్లీ ప్రభుత్వ కాలనీల విశేషం సరిగ్గా ఇందుకు విరుద్ధం. అక్కడ పొరుగువారిని ఎంచుకునే అవకాశం ఎవరికీ లేదు. ఎస్టేట్స్ డైరెక్టరేట్ పంపినవారే పొరుగువారు.

పోయింది ఎంత, వచ్చింది ఎంత

కాలనీల గురించి విలపించేవారు ముంబయి వైపు ఒకసారి చూడడం మంచిది. 1920వ దశకంలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బీడీడీ చాల్‌లు మొత్తం 207. వాటిలో 121 వర్లీలోనే ఉన్నాయి. అంతస్తుకు ఇరవై చొప్పున భవనానికి ఎనభై గదులు, ఒక్కో గది సుమారు 160 చదరపు అడుగులు, మరుగుదొడ్లు ఉమ్మడి. మిల్లుల్లో పనికి తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు స్థిరపడ్డ ప్రాంతాల్లో వర్లీ ఒకటన్నది తెలిసిందే. చాల్ పొడవునా సాగే వరండా మరాఠీ నాటకాలకు, సినిమాలకు ఎంతో కథనిచ్చింది. ఛాయాగ్రాహకులకూ అది ఇష్టమైన చోటు, ఎందుకంటే అక్కడ జీవితం గది బయటే జరుగుతుంది. 2017లో శంకుస్థాపన జరిగిన పునర్నిర్మాణ పథకంలో ఒక్కో కుటుంబానికి 500 చదరపు అడుగుల సొంత ఫ్లాటు లభిస్తోంది. 2025 ఆగస్టులో వర్లీలో తొలి విడతగా 556 కుటుంబాలకు తాళం చెవులు అందాయి. అర్ధరాత్రి వేళ మరుగుదొడ్డి కోసం వరండా చివరిదాకా నడిచిన ముసలమ్మ ముందు ‘వరండా సంస్కృతి పోయింది’ అని వాపోవడం సభ్యత కాదు.

కాని ముంబయి చాల్ వాసి హక్కుదారు. తిరిగి అక్కడికే వస్తాడు, పాత పొరుగువారిలో చాలామంది పక్క అంతస్తుల్లోనే ఉంటారు. ఢిల్లీ క్వార్టరు వాసి తిరిగి రాడు. నిర్మాణం పూర్తయ్యేలోపు అతడు మరో కాలనీకి మారిపోతాడు, లేదా పదవీ విరమణ చేసి ద్వారకకో, నోయిడాకో, సొంత రాష్ట్రానికో వెళ్లిపోతాడు. కొత్త ఫ్లాటులోకి వచ్చేది వేరే ఉద్యోగి. గది పెద్దది, లిఫ్టు ఉంది, కారు భూగర్భంలో నిలుస్తుంది. నేలమాళిగలో కారు దిగి లిఫ్టులో నేరుగా పన్నెండో అంతస్తుకు చేరేవాడికి దారిలో ఎవరూ ఎదురుపడరు. తప్పు అతనిది కాదు.

మిగిలిన పాత కాలనీల్లోనూ ఇరుగుపొరుగు బుల్‌డోజర్ రాకముందే పలచబడింది. 1980వ దశకం నుంచి భద్రత పేరిట వీధి చివర ఇనుప గేట్లు వెలిశాయి. మైదానాల అంచులు కార్ల నిలుపుదలకు పోయాయి. కూలరు, టీవీ, ఆ పైన మొబైలు మనుషులను గది లోపలికి పిలుచుకున్నాయి. నేరమంతా కాంట్రాక్టరు మీద వేయడం తేలికే గాని నిజం అంత తేలిక కాదు.

బ్రిటిష్ పాలన చివరి సంవత్సరాల్లో కట్టిన లోధీ కాలనీ ఇంకా నిలిచి ఉంది. 2015 తరువాత అక్కడి గోడల మీద దేశవిదేశాల చిత్రకారులు పెద్ద పెద్ద రంగుల బొమ్మలు వేశారు. ఇప్పుడు రోజూ కెమెరాలు పట్టుకుని జనం వస్తారు. కాబోయే దంపతులు సైతం ఆ గోడల ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. ఢిల్లీలో ఇంత విస్తారంగా ఫొటోలకెక్కిన ప్రభుత్వ కాలనీ మరొకటి ఉండకపోవచ్చు. గోడ వెనక కాపురముంటున్న గుమాస్తా కుటుంబం మాత్రం ఆ చిత్రాల్లో చోటు చేసుకోలేదు.

గుర్‌గావ్, నోయిడా శివారుల్లో ప్రైవేటు సంస్థలు కడుతున్న సముదాయాల విషయం మరీ చిత్రం. అక్కడ తొలి బొమ్మ ఛాయాచిత్రం కూడా కాదు. పునాది తవ్వకముందే కంప్యూటర్‌పై తయారైన చిత్రంతో ఫ్లాటు అమ్ముడవుతుంది. అందులో మనుషులకు కొదవ లేదు. పచ్చికపై నవ్వుతూ నడిచే దంపతులు, బంతాడే పిల్లలు, బెంచీ మీద కబుర్లాడే వృద్ధులు. నిజంగా ఇరుగుపొరుగు ఉన్న కాలనీలను మనుషుల్లేకుండా చిత్రించారు. ఇంకా ఎవరూ చేరని కాలనీలను మనుషులతో నింపి చూపుతున్నారు. ‘కమ్యూనిటీ’ అన్న మాట అమ్మకపు కరపత్రంలోకి ఎక్కింది, చదరపు అడుగు ధరలో దానికీ కొంత వాటా ఉంటుంది కాబోలు.

ఇక మిగిలినవి కుటుంబాల ఆల్బములే. పుట్టినరోజు కేకు వెనక క్వార్టరు కిటికీ ఊచలు, కొత్త స్కూటరు పక్కన మెట్లు, పొరుగింటి ఆంటీ చేతిలో పాప - తీసినవారు వీటిని కాలనీ చరిత్ర అనుకుని తీయలేదు. ఇటువంటి వ్యక్తిగత చిత్రాలను, వాటి వెనకున్న కథనాలతో సహా సేకరించే ప్రయత్నాన్ని ‘ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్’ పేరిట అనూషా యాదవ్ 2010లో ప్రారంభించారు. దేశమంతటి కుటుంబాలు అందులో పాలుపంచుకుంటున్నాయి. ఢిల్లీ క్వార్టర్లలో పెరిగి ఇప్పుడు హైదరాబాదులోనో, విశాఖలోనో, సముద్రాల ఆవల డల్లాస్‌లోనో ఉన్నవారి అటకల మీద ఇటువంటి ఆల్బములు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్క తీయలేదు. వాటిని వెతికి తీయదలచినవారు ఒక విషయం గమనించాలి. మహట్టా వంటివారు తీసిన నలుపు తెలుపు ప్రింట్లు జాగ్రత్తగా దాస్తే తరాలు నిలుస్తాయి. 1970, 80 దశకాల్లో వీధి చివరి స్టూడియోలో కడిగించిన రంగుల ప్రింట్లకు అంత ఆయుష్షు లేదు. వాటిలో చాలా ఇప్పటికే ఎర్రబారి, ముఖాలు వెలిసిపోతున్నాయి.